గట్టు మీది ఫోన్‌కు కూలి ఎవరిస్తారు?

నల్లమల అడవిలోని సలేశ్వరం జాతరకు పోయినవాళ్లకు ఆ దారి ఎరుకే. మన్ననూరు దాటాక ఫర్హాబాద్ దగ్గర అడవిలోకి మళ్లి, రాంపూర్ పెంట (చెంచుల గూడెం) దాకా బండ్ల మీద పోయి, అక్కణ్ణుంచి రాళ్లల్లో నడక. చైత్ర పౌర్ణమి ఎండ నెత్తి మాడుస్తుంటుంది. "వస్తున్నాం లింగమయ్యా" అని ముందు పోయేవాళ్లు కేక వేస్తే వెనక వచ్చేవాళ్లు అందుకుంటారు, వాళ్ల కేకను ఇంకా వెనకవాళ్లు అందుకుంటారు. ఒక్క గొంతు అంత దూరం పోదు. గొంతూ గొంతూ కలిసి ఆ కేకను లోయ పొడుగునా నడిపిస్తాయి.

ఫోన్ సిగ్నల్‌ను మాత్రం అట్లా ఎవరూ అందుకోరు. లోయ అంచుకు వచ్చేసరికి చాలామంది ఫోన్లలో గీతలు మాయమవుతాయి. ఒక ఏడాది నేను దిగే ముందు గట్టు మీద ఒక బండ నీడన ఆగాను. ఎట్లా పట్టిందో గానీ నా సిమ్‌కు రెండు గీతలు పడ్డాయి. పక్కన సంచి దించుకుని కూర్చున్న పెద్దమ్మ అది చూసింది.

"బిడ్డా, నీకు సిగ్నల్ వస్తున్నదా? జర మా పిలగానికి హాట్‌స్పాట్ ఇయ్యరాదు? పొద్దుగాల నుంచి ఫోన్ కలుస్తలేదు, ఇంటికాడ బుగులు పడుతుంటరు."

ఇచ్చాను. ఆమె మనవడు వాట్సాప్‌లో రెండు నిమిషాలు మాట్లాడి పెట్టేశాడు. అది చూసి ఇంకొకరు వచ్చారు, వాళ్ల వెనక ఇంకో ఇద్దరు. అరగంటలో ఆ బండ పాతకాలపు ఎస్టీడీ బూత్ అయింది. ఒకాయన వీడియో కాల్ పెట్టి అడవంతా ఇంటివాళ్లకు తిప్పి తిప్పి చూపించాడు. వద్దనటానికి నాకు మొహమాటం. గంట గడిచేసరికి 58 శాతం ఉన్న బ్యాటరీ 31కి వచ్చింది. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ అయిపోయిందని మెసేజ్ పడింది. అప్పుడే కనెక్ట్ అయిన ఒక కుర్రాడు "అన్నా, నెట్ తిరుగుతనే ఉన్నది, ఏంది?" అని నా మీదనే విసుక్కున్నాడు.

అప్పటికి కోపం వచ్చిన మాట నిజం. తర్వాత ఆలోచిస్తే, వీడియో కాల్ పెద్దమనిషిని పక్కన పెడితే, ఎవరూ అడగరానిది అడగలేదు. నాకు జరిగింది నేను మంచివాణ్ణయినందుకు కాదు, వాళ్లు చెడ్డవాళ్లయినందుకూ కాదు. నా ఫోన్ ఉన్న చోటు అలాంటిది, అంతే. ఫోన్లు ఒకదాని మాట ఇంకొకటి మోసే ఏర్పాటులో న్యాయం గురించి పాతికేళ్లుగా కంప్యూటర్ శాస్త్రవేత్తలు తలలు బద్దలు కొట్టుకుంటున్నది ఈ "ఉన్న చోటు" గురించే.

మనకు తెలియకుండానే మోస్తున్నాం

ఒక ఫోన్ పంపిన సిగ్నల్‌ను ఇంకో ఫోన్ అందుకుని ముందుకు పంపడాన్ని ఇంజనీర్లు రిలే అంటారు. మన భాషలో అంచె. హాట్‌స్పాట్ అన్నిటికన్నా సాదా రకం, ఒక్క అంచె. రెండో అంచె, మూడో అంచె కూడా పెట్టొచ్చు. లోయలోని ఫోన్ సగం దారిలో ఉన్న ఫోన్‌కు చెప్తుంది, అది గట్టు మీది ఫోన్‌కు, గట్టు మీదిది టవర్‌కు.

ఇది కాగితాల మీది కల కాదు. మొబైల్ ప్రమాణాలు రాసే అంతర్జాతీయ కూటమి 3జీపీపీ, రెండు ఫోన్లు టవర్ మధ్యవర్తిత్వం లేకుండా నేరుగా మాట్లాడుకునే పద్ధతిని 4జీ రోజుల్లోనే తన 12వ విడుదలలో చేర్చింది. ఆపదలో పనిచేసే సిబ్బంది కోసం, ఒక ఫోన్ ఇంకో ఫోన్‌ను టవర్‌కు కలిపే ఏర్పాటు 13వ విడుదలలో వచ్చింది. 2022లో ముగిసిన 17వ విడుదల దాన్ని 5జీలోకి తెచ్చింది. మనం అంగట్లో కొనే మామూలు ఫోన్ల దాకా అది రాలేదు గానీ, రిలే ఇంకో దారిన మన జేబుల్లోకి వచ్చేసింది. ఆపిల్ 2021లో తెచ్చిన ఎయిర్‌ట్యాగ్ అనే, వస్తువుల జాడ చెప్పే బిళ్లనే చూడండి. దానికి సొంతంగా ఇంటర్నెట్ లేదు. సంచిలో పడి ఉండి బ్లూటూత్‌లో చిన్నగా కూస్తుంటుంది. దారిన పోయే ఎవరి ఐఫోనో ఆ కూత విని, సంచి ఎక్కడుందో దాని సొంతదారుకు చేరవేస్తుంది. మోసినవాడికి తాను మోశానని కూడా తెలియదు. గూగుల్ 2024 ఏప్రిల్‌లో ఆండ్రాయిడ్ ఫోన్లతో ఇలాంటిదే మొదలుపెట్టింది. 2014 హాంకాంగ్ నిరసనల్లో జనం ఫైర్‌చాట్ యాప్‌తో ఫోన్ నుంచి ఫోన్‌కు కబుర్లు దాటించుకున్నారు. 2025 జులైలో ట్విట్టర్ స్థాపకుల్లో ఒకడైన జాక్ డోర్సీ బిట్‌చాట్ పేరుతో అదే తరహా యాప్ వదిలాడు.

అంచెలు ఎందుకు పెట్టాలి? రేడియో తరంగం దూరం పోయినకొద్దీ చాలా తొందరగా నీరసపడుతుంది. ఖాళీ ఆకాశంలో దూరం రెట్టింపైతే దాని బలం నాలుగో వంతుకు పడిపోతుంది. నేల మీద, గుట్టలూ చెట్లూ ఉన్న చోట ఇంకా ఎక్కువగా పడిపోతుంది కాబట్టి ఇంజనీర్లు తరచు 16వ వంతు అని లెక్క కడతారు. ఇదే లెక్కను తిరగేయండి. 400 మీటర్ల దూరాన్ని 200 చొప్పున రెండు అంచెలు చేస్తే, ఒక్కో అంచెకు 16వ వంతు శక్తి చాలు. రెండూ కలిపినా 8వ వంతే. అందరి బ్యాటరీలూ కలిపి చూస్తే లాభసాటి బేరం.

మెలిక ఆ "కలిపి"లోనే ఉంది. లాభపడ్డది లోయలోని బ్యాటరీ, కరిగింది గట్టు మీది బ్యాటరీ. పైగా కరిగేది పంపే శక్తి ఒక్కటే కాదు. మామూలుగా మన ఫోన్ పని లేనప్పుడు కునుకు తీస్తుంది, అందుకే బ్యాటరీ రోజంతా వస్తుంది. మోసే ఫోన్‌కు కునుకు లేదు, ఎప్పుడు ఎవరు పిలుస్తారో అని చెవులు రిక్కించుకుని కూర్చోవాలి. టవర్ దూరమైతే గొంతు కూడా పెంచాలి. 4జీ ఫోన్ మామూలుగా గరిష్ఠంగా 0.2 వాట్ల దాకా అరవగలదు. నా రెండు గీతల ఫోన్ ఆ బండ మీద దాదాపు గొంతు చించుకుని అరుస్తూ ఉండి ఉంటుంది. ఇంకొకటి, ఒకే రేడియో ఒకే చానెల్‌లో వింటూ పలకలేదు. విన్నాక పలకాలి. అందుకే ఒక అంచె కలిపితే వేగం సుమారుగా సగమైపోతుంది. ఆ కుర్రాడి విసుగులో సగం నా అయిపోయిన ప్యాక్‌ది, మిగతాది ఈ వినీ పలికే వరసది.

నాలుగు, మూడు, రెండు, ఒకటి

గట్టు నుంచి లోయ దాకా ఒకే వరసలో నలుగురు నిలబడ్డారనుకోండి. ఒక్కొక్కరి ఫోన్ తన పక్కదానికి మాత్రమే అందుతుంది. తలా ఒక మెసేజ్ ఇంటికి పంపాలి.

లోయ అడుగున ఉన్న ఫోన్ తనది ఒక్కటి పంపుతుంది. దాని పైది తనదీ కిందిదీ కలిపి రెండు. ఆ పైది మూడు. గట్టు మీదిది నాలుగు. నాలుగు ఇళ్లకూ కబురు చేరింది, ఒక్కొక్కరికీ దక్కింది ఒక్కో మెసేజ్, ఎవరికీ లోటు లేదు. చేసిన చాకిరీ మాత్రం 4, 3, 2, 1. వినే పని కూడా కలిపితే పై ఫోన్ మూడు విని నాలుగు పలికింది, మొత్తం ఏడు పనులు. కింది ఫోన్ చేసింది ఒకటి. వరసలో పదిమంది ఉంటే పై ఫోన్ తొమ్మిది విని పది పలుకుతుంది.

పైది ముందు చస్తుంది. అది చచ్చిన మరుక్షణం మిగతా తొమ్మిది ఫోన్లూ బ్యాటరీ నిండా ఉన్నా మూగపోతాయి. అడవుల్లో, పొలాల్లో సెన్సర్లు పెట్టి వివరాలు సేకరించేవాళ్లకు ఇది బాగా తెలిసిన గండం. వివరాలన్నీ చేరే పెట్టెకు దగ్గరి సెన్సర్లు ముందు ఆరిపోయి, చుట్టూ శక్తి లేని గుంట ఏర్పడుతుంది. కాబట్టి పై ఫోన్‌కు న్యాయం చేయడం దాని మీద జాలితో చేసే పని కాదు. కిందివాళ్ల అవసరం కూడా అదే.

ఇంతవరకూ అందరూ ఒప్పుకుంటారు. పేచీ మొదలయ్యేది ఏది సమానం కావాలి అన్న దగ్గర.

గంటలు పంచాలా, నీళ్లు పంచాలా

నల్లగొండవాళ్లకు ఈ పేచీ కొత్త కాదు. సాగర్ ఎడమ కాలువ కింద వారబందీ పెట్టి, మేజరుకు ఇన్ని రోజులు, తూముకు ఇన్ని గంటలు అని పంచితే కాగితం మీద అందరికీ సమానమే. కాలువ మొదట్లో ఉన్న మడి ఆ గంటలో నిండి పొర్లుతుంది. చివరి ఆయకట్టుకు నీళ్లు చేరేసరికి సగం కాలువే తాగేస్తుంది, గంట అయిపోతుంది. పోనీ గంటలు కాదు, అందరి మళ్లూ తడిసేదాకా ఇద్దాం అంటే, చివరి మడి తడిసేవరకూ మొదటి రైతు ఒడ్డున కూర్చోవాలి. గంటలు సమానం చేస్తే నీళ్లు సమానం కావు. నీళ్లు సమానం చేస్తే గంటలు సమానం కావు.

వై-ఫైలో అచ్చంగా ఇదే జరుగుతుందని 2003లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ పరిశోధకులు చూపించారు. అప్పటి వై-ఫైలో పెట్టెకు దగ్గరున్నవాడి వేగం సెకనుకు 11 మెగాబిట్లు, దూరంగా గోడ అవతల ఉన్నవాడిది 1. పద్ధతి ప్రకారం ఇద్దరికీ వంతులు సమానం. తలా 11 మెగాబిట్ల మూట పంపాలనుకుందాం. దగ్గరివాడికి ఒక సెకను పడుతుంది, దూరపువాడికి 11 సెకన్లు. ఇద్దరి మూటలూ పోవటానికి 12 సెకన్లు. అంటే ఇద్దరికీ దక్కింది సెకనుకు సుమారు 0.92 మెగాబిట్లు. దగ్గరివాడికి ఉన్న 11 ఏమైపోయింది? దూరపువాడి కోసం ఎదురుచూపుల్లో పోయింది. అలా కాదని సమయాన్ని చెరిసగం చేస్తే దగ్గరివాడికి 5.5, దూరపువాడికి 0.5. మొదటి పద్ధతిలో ఇద్దరిదీ కలిపి రెండు మెగాబిట్లు కూడా లేవు, రెండో పద్ధతిలో మొత్తం ఆరు. కానీ దూరపువాడి వాటా దాదాపు సగానికి పడింది. ఏది న్యాయమంటారు? నాకైతే గోడ అవతల ఎవరున్నారో తెలియకుండా జవాబు చెప్పబుద్ధి కాదు.

ఇలాంటి పంపకాలకు మార్కులు వేసే పద్ధతి ఒకటి ఉంది. బెంగళూరు ఐఐఎస్‌సీలో చదివి అమెరికా వెళ్లిన రాజ్ జైన్, ఇద్దరు సహచరులతో కలిసి 1984లో ప్రతిపాదించిన సూచిక అది. అందరి వాటాలూ కూడి, ఆ మొత్తాన్ని దానితోనే గుణించాలి. ఒక్కొక్కరి వాటాను దానితోనే గుణించి, అవన్నీ కూడి, మనుషుల సంఖ్యతో గుణించాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేదే సూచిక. నలుగురికీ పదేసి అందితే 1 వస్తుంది. ఒక్కడే అంతా మింగేస్తే 0.25. వాటాలు 20, 10, 8, 2 అయితే 0.70.

ఇప్పుడు మన గట్టు వరసకు మార్కులు వేద్దాం. అందిన మెసేజ్‌లను బట్టి చూస్తే సరిగ్గా 1, నూటికి నూరు. పంపే పనిని బట్టి, అంటే 4, 3, 2, 1ని బట్టి చూస్తే 0.83. వినే పని కూడా కలిపి 7, 5, 3, 1 అని చూస్తే 0.76. పరీక్షలో 76 మార్కులంటే ఫస్ట్ క్లాసే. కానీ అక్కడ ఒకడు ఒక పని చేస్తుంటే ఇంకొకడు ఏడు చేస్తున్నాడు. ఒకే వరసకు ఏది కొలిచామన్నదాన్ని బట్టి మూడు రకాల మార్కులు వచ్చాయి. "మా పద్ధతిలో న్యాయ సూచిక ఇంత" అని ఎవరైనా గొప్పగా చెప్తే, దేని వాటాలు కొలిచారు అని అడగటం మంచిది. పరిశోధన పత్రాల్లో ఎక్కువగా కొలిచేది అందిన వేగాన్ని. కరిగిన బ్యాటరీని కొలిచేవాళ్లు తక్కువ.

పంపకంలో ఇంకో రెండు పంథాలున్నాయి. అందరికన్నా తక్కువ దక్కినవాడి వాటాను ముందు పెంచు, వాడికి ఇక పెరగదన్నాకే పైవాడి సంగతి చూడు అనేది ఒకటి. కేంబ్రిడ్జ్ గణిత శాస్త్రవేత్త ఫ్రాంక్ కెల్లీ 1997 ప్రాంతంలో సిద్ధాంతంగా మలిచింది ఇంకొకటి. అందులో ఎవరి వాటాను మార్చినా, పెరిగినవాళ్లకు పెరిగిన శాతాల కన్నా తగ్గినవాళ్లకు తగ్గిన శాతాలు ఎక్కువ కాకపోతేనే ఆ మార్పు ఒప్పు. మన టవర్లు ఫోన్లకు వంతులు ఇవ్వటానికి వాడేది ఎక్కువగా ఈ రెండో తరహానే. టవర్‌కు అది సరిపోతుంది, ఎందుకంటే టవర్‌కు కరెంటు వస్తుంది. మోసేది కూడా వాటాదారే అయినప్పుడే లెక్క చెడుతుంది.

కట్నాల పుస్తకం

సరే, ఎంత మోయాలో తేల్చాం. మోయమని ఎవరు చెప్పినా ఫోన్ యజమాని ఎందుకు వినాలి? బటన్ నొక్కి రిలే ఆపేస్తే పోయె. అందరూ అట్లా ఆపేస్తే ఎవరికీ సిగ్నల్ ఉండదు, అది వేరే సంగతి.

1980ల మొదట్లో రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ అనే అమెరికా రాజనీతి శాస్త్రవేత్త ఇలాంటి చిక్కు మీద కంప్యూటర్ ప్రోగ్రాముల పోటీ పెట్టాడు. అనటోల్ రాపొపోర్ట్ పంపిన అతి చిన్న ప్రోగ్రాం గెలిచింది. అది చేసేది ఒకటే. మొదట మంచిగా ఉండటం, తర్వాత ఎదుటివాడు కిందటిసారి ఏం చేస్తే అదే చేయటం. మన పెళ్లిళ్లలో కట్నాలు రాసే పుస్తకం ఈ సూత్రం మీదే నడుస్తుంది. మా ఇంట్లో పెళ్లికి నువ్వు 516 రాయించావు, మీ ఇంట్లో పెళ్లికి నేను పుస్తకం తీసి చూసుకుని అంతకు తగ్గకుండా రాయిస్తా.

పుస్తకం పనిచేయటానికి ఒక షరతు ఉంది. రెండిళ్లలోనూ పెళ్లిళ్లు జరగాలి. గట్టు మీది ఫోన్‌కు లోయ ఫోన్‌తో పని ఎప్పుడు పడుతుంది? ఎప్పుడూ పడదు. దానికి టవర్ నేరుగా అందుతుంది. ఎదురు ఉపకారం అడిగే అవకాశమే లేని చోట దెబ్బకు దెబ్బ, మేలుకు మేలు అనేది నడవదు.

ఈ చిక్కును విప్పటానికి స్విట్జర్లాండ్‌లోని లోజాన్ విద్యాలయంలో లెవెంటె బుట్యాన్, జాన్-పియర్ ఉబో 2000 ప్రాంతంలో నగ్లెట్లు అనే ఊహా నాణేలు తెచ్చారు. ఫోన్‌లో ఎవరూ తారుమారు చేయలేని ఒక లెక్క ఉంటుంది. ఇతరుల మెసేజ్ ఒకటి మోస్తే ఒక నగ్లెట్ జమ. నీ మెసేజ్ పంపాలంటే మధ్యలో ఎన్ని ఫోన్లు మోస్తాయో అన్ని ఖర్చు. ఇప్పుడు ఎదురు ఉపకారం అదే మనిషి నుంచి రానక్కర్లేదు, పుస్తకం ఊరందరిదీ అయింది. 2003లో యేల్ పరిశోధకులు స్ప్రైట్ పేరుతో, ఫోన్లు రసీదులు దాచుకుని తర్వాత ఒక కేంద్రానికి చూపించి జమ చేసుకునే పద్ధతి చెప్పారు.

వినటానికి బాగుంది. మన నలుగురి వరసలో నడిపి చూడండి. లోయ అడుగున ఉన్నవాడు ఎవరిదీ మోయడు. మోయనని మొండికేసి కాదు, వాడి వెనక ఎవరూ లేరు. కాబట్టి వాడికి జమ సున్నా. పైగా ఒక మెసేజ్‌కు మూడు నగ్లెట్లు ఖర్చు, అందరికన్నా ఎక్కువ. మొదట చేతికి కొన్ని ఇచ్చినా తొందరలోనే దివాలా. గట్టు మీదివాడికి కుప్పలుగా జమ, ఖర్చు పెట్టే చోటు లేదు, ఎందుకంటే వాడి మెసేజ్‌కు మోతకూలి సున్నా. పని చేసినవాడికి కూలి అన్న మంచి సూత్రం, పని దొరకని చోట ఉన్నవాణ్ణి వెళ్లగొడుతుంది. పాలమూరు నుంచి వలస పోయినవాళ్లకు ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు.

కాపలా పెట్టే పద్ధతి కూడా ఉంది. 2000లో స్టాన్‌ఫర్డ్‌లో సెర్జియో మార్టి, ఆయన సహచరులు చెప్పింది అది. ప్రతి ఫోనూ పక్క ఫోన్ తనకు అందింది ముందుకు పంపిందా లేదా అని గాలిలో వింటుంది. ఎగ్గొట్టే ఫోన్‌ను గుర్తించి దాన్ని తప్పించి దారి మళ్లిస్తుంది. దాని తమాషా ఏమిటంటే, ఎగ్గొట్టేవాడికి ఇక ఎవరూ పని చెప్పరు, వాడి మెసేజ్‌లు మాత్రం అందరూ మోస్తారు. బడి ఎగ్గొట్టే పిల్లవాడికి సెలవు ఇచ్చినట్టు. తర్వాత వచ్చిన పద్ధతులు అలాంటివాళ్లను వెలివేయటం కలిపాయి. వెలివేతలో మళ్లీ వేరే అన్యాయం. బ్యాటరీ 4 శాతం ఉండి మోయలేని ఫోన్‌కూ, బద్ధకంగా ఎగ్గొట్టే ఫోన్‌కూ గాలిలో తేడా వినిపించదు.

తూము కాడ ఎవరుండాలి

2009లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్‌కు ఫోన్లతో పని లేదు. ఆమె చూసింది నేపాల్ కాలువలను. రాయ్ గార్డ్‌నర్‌తో కలిసి 1993లో రాసిన వ్యాసంలో ఆమె ఎత్తిచూపిన సంగతి నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా పనికొచ్చేదిగా అనిపిస్తుంది. మట్టీ రాళ్లూ కొమ్మలతో కట్టిన ఆనకట్టలు వరద వచ్చినప్పుడల్లా కొట్టుకుపోతాయి. మళ్లీ కట్టాలంటే ఊరంతా రావాలి. అప్పుడు కాలువ మొదట్లో ఉన్న రైతుకు చివరి రైతు చేతులు కావాలి, కాబట్టి నీళ్ల దగ్గర చివరివాడి మాట చెల్లుతుంది. అదే చోట సర్కారు శాశ్వతంగా కాంక్రీటు కట్ట కట్టిస్తే, మొదటి రైతుకు ఎవరితోనూ పని లేదు. కట్ట మెరుగుపడింది, చివరి పొలానికి నీళ్లు తగ్గాయి.

అంటే గట్టూ లోయా సమానం కావాలంటే లోయ దగ్గర గట్టుకు కావలసింది ఏదో ఒకటి ఉండాలి. సిగ్నల్ కాకపోతే ఇంకోటి. ఫోన్ల విషయంలో అలాంటివి లేకపోలేదు. గట్టు మీదివాడికి సిగ్నల్ ఉంది, డేటా అయిపోయింది. లోయలోనివాడికి సిగ్నల్ లేదు, ప్యాక్ మొత్తం వాడకుండా ఉంది. సాయంత్రానికి గట్టు మీది ఫోన్ బ్యాటరీ అయిపోతుంది, సిగ్నల్ లేని ఫోన్ యజమాని సంచిలో పవర్ బ్యాంక్ ఉండొచ్చు. ఈ మారకాన్ని రాసి పెట్టే పద్ధతి నాకు తెలిసి ఎక్కడా లేదు, అంతే. ఏ ఫోన్ మోయాలో ఎంచుకునేటప్పుడు ప్రమాణాలు ప్రధానంగా చూసేది సిగ్నల్ బలాన్ని. బలంగా ఉన్నవాడి మీదే మూట పడుతుంది.

మన చెరువుల కింద దీనికి ఒక మనిషి ఉండేవాడు, నీరటి. తూము తీసేదీ మూసేదీ ఆయనే, ఎవరి మడికి ఎప్పుడు అని చూసేదీ ఆయనే. పంట ఇంటికి వచ్చినప్పుడు ఆయకట్టు రైతులంతా ఆయనకు మేర, అంటే కూలి గింజలు, కొలిచేవాళ్లు. మొదటి రైతు మంచితనం మీద చివరి రైతు ఆధారపడే పని లేదు. నీరటులంతా ధర్మరాజులని కాదు నేననేది, తూము కాడ రాత్రిపూట ఏమేం జరిగేవో మా తాత చెప్పేవాడు. కానీ ఆ పనికి మనిషి ఉన్నాడు, ఆ మనిషికి కూలి ఉంది.

ఫోన్లకు నీరటి ఎవరు? సహజంగా టెలికం కంపెనీయే. ఏ ఫోన్ ఎంత మోసిందో లెక్క దానికే తెలుస్తుంది, రీచార్జిలో తగ్గించి కూలి ఇవ్వటం కూడా దానికి సులువు. చిక్కల్లా ఈ నీరటికి చెరువు కింద సొంత పొలం ఉంది. గట్టు మీది పది ఫోన్లు మోస్తే కంపెనీకి ఒక టవర్ కట్టే ఖర్చు తప్పుతుంది. ఆ టవర్ కరెంటు బిల్లు పది జేబుల్లోకి చిల్లరగా మారిపోతుంది. లైసెన్సు లేకుండా సిగ్నల్ బూస్టర్ పెట్టుకోవడం మన దేశంలో నేరం. టవర్‌ల పని మనుషులు సొంతంగా చేయకూడదని చట్టం. రేపు అదే పనిని మన ఫోన్ చేత కంపెనీయే చేయిస్తే, దానికి ధర ఉండాలి కదా.

ఆ డబ్బు ఆకాశం నుంచి ఊడిపడక్కర్లేదు. సిగ్నల్ లేని పల్లెల కోసమని టెలికం కంపెనీలు కొన్ని మినహాయింపులు పోగా మిగిలిన తమ ఆదాయంలో 5 శాతం కడుతున్నాయి. 2002 నుంచి ఉన్న ఆ నిధి పేరు 2023 టెలికం చట్టంతో డిజిటల్ భారత్ నిధి అయింది. 4జీ చేరని 24,680 ఊళ్లకు టవర్లు వేయటానికి కేంద్రం 2022 జులైలో 26,316 కోట్లు మంజూరు చేసింది. టవర్ వేయలేని లోయలో ఒక పెంటలోని ఫోన్ టవర్ పని చేస్తే, మేర ఆ గాదె నుంచే కొలవొచ్చు. మోసే ఫోన్ పాత బ్యాటరీదైతే, చార్జింగ్‌కు సోలార్ పలక తప్ప దిక్కు లేని ఇంటిదైతే, మేర ఎక్కువ కొలవాలి. ఒక శాతం బ్యాటరీ అందరికీ ఒకే ధర కాదు.

అడగటం అన్నది కూడా ఉంది. ఆపిల్, గూగుల్ ఏర్పాట్లలో మోసేవాడికి మూటలో ఏముందో తెలియకుండా సంకేతాల్లో దాచారు, అది మంచి పనే. కానీ మోస్తావా అని ఎదురుపడి అడగరు, సెట్టింగుల్లో వెతికి వద్దని చెప్పుకోవాలి. బ్లూటూత్‌లో ఒక చిన్న కూత మోయటానికి అది చెల్లొచ్చు. ఒక ఊరి వీడియో కాల్స్ అన్నీ మోయించటానికి చెల్లదు. పెద్దమ్మ నన్ను అడిగింది. వీడియో కాల్ పెద్దమనిషి ఆమె మనవడి దగ్గర పాస్‌వర్డ్ తీసుకున్నాడు.

నెట్ తిరుగుతున్నదని విసుక్కున్న కుర్రాడి సంగతి చెప్పలేదు కదా. ప్యాక్ అయిపోయింది తమ్మీ అని మెసేజ్ చూపించాను. కాసేపు గమ్మున ఉండి, "నీ నంబర్ చెప్పన్నా" అన్నాడు. ప్యాక్ అయిపోయినా నత్తనడకన కొంచెం నెట్ వస్తుంది. దాని మీదే ఫోన్‌పే తెరిచి, చక్రం తిరిగి తిరిగి, పది నిమిషాలకు నా నంబరుకు చిన్న డేటా ప్యాక్ వేశాడు. తర్వాత వాళ్ల అమ్మతో మాట్లాడుకున్నాడు. అతని వెనక మళ్లీ నలుగురు చేరారు. నేను దిగేసరికి బ్యాటరీ 19.

దర్శనం చేసుకుని సాయంత్రం పైకి ఎక్కేసరికి ఫోన్ ఆరిపోయి ఉంది. బండి తాళం మా బామ్మర్ది దగ్గర, అతను ఎక్కడ ఆగాడో తెలియదు. అదే బండ కాడ ఎవరో ఒకతను కూర్చున్నాడు, చుట్టూ అయిదారుగురు. సందు చేసుకుని దగ్గరికి పోయి, "తమ్మీ, ఒక్క ఫోన్ చేసుకుంటా" అన్నాను. అతను తన స్క్రీన్ మీద బ్యాటరీ ఎంతుందో చూసుకుని, తర్వాత నా మొహం చూశాడు.